ఆయాసం ఉన్న మనిషిని కూర్చోబెట్టడమే అసలు పొరపాటు

ముప్పై, నలభై ఏళ్లు సిగరెట్లో బీడీలో చుట్టలో తాగిన మనిషికి ఆయాసం మొదలైతే ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని అతన్ని కూర్చోబెట్టడం. "నువ్వు లేవకు నాన్నా, నేను తెస్తా" అంటారు. మంచినీళ్లు చేతికే వస్తాయి. సందు చివరికి వెళ్లి పాల ప్యాకెట్ తెచ్చే పని మనవడిది అవుతుంది. మంచం టీవీ ఉన్న హాల్లోకి మారుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి ఆ మనిషి బాత్‌రూమ్ దాకా వెళ్లడానికి కూడా మధ్యలో గోడ పట్టుకుని ఆగుతాడు. జబ్బు ముదిరిందని అందరూ అనుకుంటారు. కొంతవరకు నిజమే కావచ్చు. కానీ ఆ ఆరు నెలల్లో ఊపిరితిత్తులతో పాటు, చాలాసార్లు వాటికంటే వేగంగా, కరిగిపోయినవి అతని తొడ కండరాలు. ప్రేమతో చేసిన పనే అతన్ని మంచానికి దగ్గర చేసింది.

పొగ వల్ల వచ్చే ఈ జబ్బును డాక్టర్లు సీఓపీడీ అంటారు. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2018లో ప్రచురించిన అంచనా ప్రకారం 1990లో మన దేశంలో 2.8 కోట్ల మందికి ఉన్న సీఓపీడీ 2016 నాటికి 5.5 కోట్ల మందికి చేరింది. ఇన్‌హేలర్ రాసిచ్చే డాక్టర్ ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. దొరకనిది ఆ తర్వాతి మెట్టు, పల్మనరీ రిహాబిలిటేషన్. 'ఊపిరితిత్తుల పునరావాసం' అని తెలుగులో రాస్తే ప్రాజెక్టు కింద ఊళ్లు పోయినవాళ్ల కాలనీలు గుర్తొస్తాయి. 'రిహాబ్' అంటే మద్యం మాన్పించే సెంటర్ అనుకుంటారు. జనం నోట్లో నానే పేరైనా లేదంటే ఈ చికిత్స మన ఇళ్లకు ఎంత దూరంలో ఉండిపోయిందో తెలుస్తుంది. ఇందులో ఉండేది ఇదీ: మనిషి శక్తిని ముందుగా కొలిచి, దానికి తగినట్టు 6 నుంచి 12 వారాల పాటు పెంచుకుంటూ పోయే వ్యాయామం. దాంతోపాటు ఊపిరి పద్ధతులు, ఇన్‌హేలర్ సరిగ్గా వాడటం, తిండి, భయాన్ని తట్టుకోవడం నేర్పుతారు.

ఇది ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే ముందు ఆయాసం ఎక్కడ పుడుతుందో చూడాలి. ఏళ్ల తరబడి పొగ తగిలితే గాలిగొట్టాలు వాచి సన్నబడతాయి. వాటి చివర ఉండే గాలి తిత్తుల గోడలు చిరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు గాలి లోపలికి వెళ్తుంది గానీ తేలిగ్గా బయటికి రాదు. 'గాలి అందడం లేదు' అని రోగి అంటాడు. నిజానికి లోపల పాత గాలి ఇరుక్కుపోయి కొత్త గాలికి చోటు లేకుండా పోతోంది. నడక వేగం పెరిగేకొద్దీ ఛాతీ గాలితో బిగుసుకుపోతుంది. చిరిగిన తిత్తులు మళ్లీ అతుక్కోవు. ఏ వ్యాయామమూ, ఏ కషాయమూ, ఏ ప్రాణాయామమూ వాటిని తిరిగి తేలేవు. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే 'ఊపిరితిత్తులను కడిగేసే' పొడులు అమ్మేవాళ్లకు బేరం అయ్యేది ఈ విషయం తెలియని ఇళ్లలోనే.

మరి రిహాబ్ దేన్ని మారుస్తుంది? కాళ్లను. కూర్చునే ఉండే మనిషి కండరాలు ఆక్సిజన్‌ను వాడుకునే నేర్పు కోల్పోతాయి. నాలుగు అడుగులకే లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి శరీరం ఇంకా ఎక్కువ ఊపిరి అడుగుతుంది. అసలే ఇరుకైన గొట్టాలకు ఆ అదనపు గిరాకీ భారమవుతుంది. ఆయాసం వస్తుందని కదలడు, కదలడు కాబట్టి ఆయాసం ఇంకా త్వరగా వస్తుంది. ఈ చుట్టును కోయగల ఒకే చోటు కండరం. తొడలు గట్టిపడితే అదే దూరానికి తక్కువ ఊపిరి సరిపోతుంది. రిహాబ్ పూర్తయ్యాక స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి సామర్థ్యం కొలిచే పరీక్ష) చేస్తే అంకెలు దాదాపు పాతవే వస్తాయి. మనిషి మాత్రం గుడి దాకా నడిచి వస్తాడు.

వైద్యులకు కూడా ఈ సంగతి ఆలస్యంగానే తెలిసింది. గత శతాబ్దం మధ్య వరకు ఇలాంటి రోగులకు రాసిచ్చింది విశ్రాంతే. 1960ల్లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ పెట్టీ అనే డాక్టర్, ఆయన బృందం వాళ్లను లేపి నడిపించడం మొదలుపెట్టారు. 2015లో, వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 65 ప్రయోగాలను, 3,822 మంది రోగుల ఫలితాలను ఒకచోట చేర్చి చూసింది. లాభం ఎంత స్పష్టంగా ఉందంటే, రిహాబ్ ఇచ్చినవారిని ఇవ్వనివారితో పోల్చే కొత్త ప్రయోగాలు ఇక అక్కర్లేదని ఆ సంస్థ తేల్చింది. వైద్యంలో ఇంత గట్టిగా ఒక ప్రశ్న ముగియడం అరుదు.

మిగిలిన ప్రశ్న, ఇంట్లో చేస్తే ఫలితం ఉంటుందా అన్నది. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి విశాఖ ఛాతీ ఆసుపత్రికి, ఆదిలాబాద్ వైపు నుంచి హైదరాబాద్ ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి వారానికి రెండుసార్లు ఆయాసపడే మనిషిని ఎవరు తీసుకెళ్తారు? బస్టాండులో మెట్లెక్కడమే అతనికి పెద్ద పరీక్ష. ఈ ఇబ్బంది మనకొక్కరికే లేదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ పరిశోధకులు 166 మంది సీఓపీడీ రోగులతో ఒక ప్రయోగం చేసి 2017లో థోరాక్స్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. సగం మంది ఆసుపత్రికి వచ్చి ఎనిమిది వారాలు వ్యాయామం చేశారు. మిగతా సగానికి ఫిజియోథెరపిస్టు ఒక్కసారి ఇంటికి వెళ్లి అన్నీ చూపించారు. ఆ తర్వాత వారానికొకటి చొప్పున ఏడు ఫోన్ కాల్స్, అంతే. ఖరీదైన పరికరం ఒక్కటీ లేదు. ఎనిమిది వారాల తర్వాత ఆరు నిమిషాల్లో నడిచే దూరం ఇంట్లో చేసినవారికి ఆసుపత్రివారి కంటే తక్కువగా లేదు. కార్యక్రమాన్ని పూర్తి చేసినవాళ్లయితే ఇంటి బృందంలోనే చాలా ఎక్కువ.

ఆ ఏడు ఫోన్ కాల్స్‌లో ఏం మాట్లాడారన్నది చాలా ముఖ్యం. శిక్షణ పొందినవాళ్లు ఫోన్ చేసి రోగిని మందలించలేదు, పాఠం చెప్పలేదు. ఈ వారం ఏం చేయగలిగారు, ఏది అడ్డుపడింది, వచ్చే వారం ఏం చేద్దామనుకుంటున్నారు అని అడిగారు. లక్ష్యం రోగి నోటి నుంచే రావాలి. మన ఇళ్లలో వాడే 'సపోర్ట్' అనే మాటకు ఇక్కడ అసలు అర్థం దొరుకుతుంది.

మొదలుపెట్టే ముందు

పొగ తాగిన ఛాతీలో సీఓపీడీ ఒక్కటే ఉంటుందని అనుకోకూడదు. రెండు వారాలు దాటిన దగ్గుకు గళ్ల పరీక్ష చేయించి టీబీ లేదని తేల్చుకోవాలి. గళ్లలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా క్యాన్సర్ అనుమానంతో చూడాలి. అదే పొగ గుండె రక్తనాళాలనూ పాడుచేస్తుంది కాబట్టి ఈసీజీ, గుండె పరీక్ష కావాలి. స్పైరోమెట్రీ లేకుండా సీఓపీడీ అని ముద్ర వేయడం సరికాదు. ఒకప్పుడు టీబీ వచ్చి తగ్గినవాళ్లకు కూడా ఇలాంటి ఆయాసమే మిగులుతుంది, వాళ్లకూ ఈ వ్యాయామం ఉపయోగపడుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడే ఆక్సిజన్ బాగా తక్కువగా ఉన్నవాళ్లు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు మాత్రం డాక్టరు సరే అనేదాకా ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకూడదు.

తర్వాత కొలత. ఆసుపత్రిలో 30 మీటర్ల వరండాలో ఆరు నిమిషాలు నడిపించి దూరం కొలుస్తారు. ఒక మనిషి 300 మీటర్లు నడిచాడనుకుందాం. అంటే నిమిషానికి 50 మీటర్లు. రోజువారీ నడకను అందులో 80 శాతం వేగంతో, అంటే నిమిషానికి 40 మీటర్లతో మొదలుపెడతారు. ఇంటి ముందు పది మీటర్ల అరుగు ఉంటే నిమిషంలో ఆ కొస నుంచి ఈ కొసకు నాలుగు సార్లు. వినడానికి ఇది చిన్న లెక్కలా ఉంటుంది. కానీ 'రోజూ కాసేపు నడవండి' అనే సలహాకూ దీనికీ మధ్య తేడా, మందు చీటీ మీద మోతాదు రాయడానికీ రాయకపోవడానికీ ఉన్నంత తేడా. అంత చోటు లేని ఇంట్లో ఇంకో కొలత ఉంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఒక నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టడం. ఆ అంకెను తేదీతో సహా క్యాలెండర్ మీద రాసిపెట్టాలి.

నడక ఎంత ఆయాసం వచ్చేదాకా అన్న ప్రశ్న దగ్గరే చాలామంది భయపడి ఆగిపోతారు. సున్నా అంటే ఆయాసమే లేదు, పది అంటే ఇక భరించలేను అనుకుంటే, మూడు నాలుగు దగ్గర ఉండాలి. పక్కనున్న మనిషితో ఒక చిన్న వాక్యం చెప్పి మళ్లీ ఊపిరి తీసుకోవాల్సినంత. అసలు ఆయాసమే రాని నడకతో కండరానికి పెద్దగా లాభం లేదు. ఆయాసం రావడం వేరు, ప్రమాదం రావడం వేరు అన్న విషయం రోగికీ ఇంట్లోవాళ్లకూ ఒకేసారి తెలియాలి. ఆగి రెండు మూడు నిమిషాల్లో సర్దుకునేది మామూలు ఆయాసం. ఛాతీ నొప్పి, తల తిరగడం, చల్లని చెమట, పెదాలు నీలంగా మారడం కనిపిస్తే ఆరోజు వ్యాయామం అక్కడితో ఆపి వైద్య సహాయం తీసుకోవాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 88 కంటే కిందికి చూపిస్తే ఆగి, డాక్టరుకు చెప్పాలి. గోరింటాకు పండిన గోరు మీద, చల్లబడిన వేళ్ల మీద ఆ యంత్రం తప్పు చూపించవచ్చు.

ఒకేసారి ఇరవై నిమిషాలు నడవలేని మనిషి ఐదు నిమిషాలు నడిచి, కూర్చుని, మళ్లీ ఐదు నడవవచ్చు. వారాలు గడిచేకొద్దీ కూర్చునే సమయం తగ్గించుకుంటూ 30 నిమిషాలకు చేరడం లక్ష్యం. వారానికి రెండు మూడు రోజులు కండరాల పని ఉండాలి: కుర్చీలోంచి లేవడం, మెట్టు ఎక్కి దిగడం, అరలీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల దాకా లేపడం. చేతులకు ఈ పని ఎందుకంటే తల దువ్వుకోవడం, చొక్కా వేసుకోవడం, తీగ మీద బట్టలు ఆరేయడం లాంటి చేతులెత్తే పనుల్లో వీళ్లకు ఆయాసం ఎక్కువగా వస్తుంది. ఎండాకాలం రామగుండంలోనో రెంటచింతలలోనో పదకొండు గంటలకు నడవమనడం అన్యాయం. తెల్లవారుజామున లేదా ఇంటి లోపలే నడవాలి. చలికాలంలో మంచు, పొగ కలిసిన ఉదయాల్లో దీనికి పూర్తిగా తిరగేసి, ఎండ వచ్చాక బయటికి రావాలి.

ఊపిరి పద్ధతుల్లో ఒక్కటి మాత్రం అందరూ నేర్చుకోవాలి. ముక్కుతో రెండు లెక్కపెట్టేంతసేపు పీల్చి, వేడి టీని ఊది చల్లార్చేటప్పుడు పెట్టినట్టు పెదాలు పెట్టి, నాలుగు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలడం. పెదాల దగ్గర ఆ చిన్న అడ్డు ఉండటం వల్ల లోపలి గొట్టాలు ముందే మూసుకుపోకుండా తెరుచుకుని ఉంటాయి, ఇరుక్కున్న గాలి బయటికి వస్తుంది. మెట్లు ఎక్కేటప్పుడు, బరువు లేపేటప్పుడు, అంటే శ్రమ పడే క్షణంలో ఊపిరి వదలాలి. చాలామంది ఆ క్షణంలోనే ఊపిరి బిగబట్టేస్తారు. గళ్ల పట్టేసినప్పుడు గట్టిగా దగ్గి దగ్గి అలసిపోకుండా, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు 'హా' అని నోరు తెరిచి గాలి వదిలితే తేలిగ్గా పైకి వస్తుంది. మూడు బంతుల స్పైరోమీటర్ కోవిడ్ తర్వాత చాలా ఇళ్లలోకి వచ్చింది. దాన్ని పీలుస్తూ కూర్చుంటే రిహాబ్ అయిపోయినట్టు కాదు, అది కాళ్లకు ఏ పనీ చెప్పదు.

తిండి గురించి ఒక్క మాట. కడుపు నిండా అన్నం తిన్నాక ఆయాసం పెరుగుతుంది, ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండి ఊపిరికి పనిచేసే డయాఫ్రం కండరం కిందికి దిగడానికి చోటుండదు. అదే తిండిని ఐదారు సార్లుగా చేసి, గుడ్డు, పప్పు, చేప, పెరుగు పెంచితే కండరానికి సరుకు అందుతుంది. బక్కచిక్కిన రోగికి ఇది మందుతో సమానం.

ఇంట్లోవాళ్ల పాత్ర

ఇక్కడే అసలు కష్టం. 'చేసుకున్నవారికి చేసుకున్నంత' అనే సామెత పొగ తాగిన మనిషి దగ్గర ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఎదురుగా అనకపోయినా నిట్టూర్పులో వినిపిస్తుంది. గుండె జబ్బు వస్తే పలకరించడానికి వచ్చే చుట్టాలు, ఆయాసం వస్తే "ఎన్నిసార్లు చెప్పాం" అంటారు. ఆ మాట పడ్డ మనిషి మూలుగు దాచుకుంటాడు, నలుగురిలో దగ్గడానికి సిగ్గుపడతాడు, పెళ్లిళ్లకు రావడం మానేస్తాడు. బయటికి వెళ్లని మనిషి నడవడు. నింద చివరికి తొడ కండరాన్ని కూడా తినేస్తుంది.

పొగ అనగానే మగవాళ్లే గుర్తొస్తారు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని తాగే 'అడ్డపొగ' అలవాటు ఎక్కువగా ఆడవాళ్లదే. ఇక చుట్ట ఎప్పుడూ ముట్టని తల్లులు నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదారు. వాళ్లు ఆయాసపడితే 'వయసు' అంటారు. స్పైరోమెట్రీ చేయించడం మాట అటుంచి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడమే ఆలస్యమవుతుంది. ఆయాసం తగ్గించే వ్యాయామం మాత్రం వాళ్లకూ ఇదే.

అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న కొడుకో కూతురో ఆదివారం ఫోన్ చేస్తే అడిగేవి రెండే: తిన్నావా, మందులు వేసుకున్నావా. మెల్‌బోర్న్ ప్రయోగంలో ఫోన్ చేసింది శిక్షణ ఉన్నవాళ్లు, ఆ పని కొడుకు పూర్తిగా చేయలేడు. అయినా అడిగే తీరును అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. "ఈ వారం ఎన్ని రోజులు నడిచావు నాన్నా? ఏ రోజు కుదరలేదు? వచ్చే వారం ఎక్కడిదాకా వెళ్దామనుకుంటున్నావు?" జవాబు రామాలయం కావచ్చు, రైతుబజార్ కావచ్చు, మనవరాలి బడి గేటు కావచ్చు. అలా ఒక చోటు పేరు పెట్టుకున్న నడకే రోజూ సాగుతుంది.

పనులన్నీ అతనికే వదిలేయమని కాదు. ఏ పని తీసుకోవాలి, ఏ పని వదలాలి అన్న వివేకం కావాలి. స్నానం చాలామందిని అలసటతో కుప్పకూలుస్తుంది, కాబట్టి స్టూలు వేసి కూర్చుని చేయనివ్వాలి, ఒళ్లంతా కప్పే పెద్ద తువ్వాలు ఇవ్వాలి. బరువైన బకెట్ ఇంకొకరు మోయాలి. అలా మిగిలిన శక్తి నడకకు వెళ్లాలి. మంచినీళ్లు తెచ్చుకోవడం, పాల ప్యాకెట్ తేవడం, పూలు కోయడం మాత్రం అతని పనులుగానే ఉండాలి. ఆయాసం వచ్చి ఆగినప్పుడు చుట్టూ మూగి "ఏమైంది, ఏమైంది" అనడం ఆపాలి. ఊపిరి అందని మనిషికి టెన్షన్ తోడైతే ఊపిరి ఇంకా వేగంగా, పైపైన నడుస్తుంది, ఛాతీలో గాలి ఇంకా ఇరుక్కుంటుంది. ఒక్కరు పక్కన కూర్చుని, ముందుకు వంగి మోచేతులు మోకాళ్ల మీద ఆనించుకోమని చెప్పి, తామూ పెదాలతో నెమ్మదిగా ఊదుతూ ఉంటే చాలు, అతని ఊపిరి ఆ లయను అందుకుంటుంది.

పొగ మానడం ఇంకా జరగకపోతే దాన్ని రిహాబ్‌తో పాటే మొదలుపెట్టాలి. అమెరికా, కెనడాల్లో జరిగిన లంగ్ హెల్త్ స్టడీ 2002లో చెప్పిన లెక్క ఇది: మానేసిన మగవాళ్ల ఊపిరి సామర్థ్యం ఏటా సుమారు 30 మిల్లీలీటర్లు తగ్గింది, తాగుతూనే ఉన్నవాళ్లకు సుమారు 66. 'ఇన్నేళ్లు తాగి ఒక్కసారిగా మానితే ప్రాణానికే ముప్పు' అనే నమ్మకం మన ఊళ్లలో గట్టిగా ఉంది, అది నిజం కాదు. మానేశాక కొన్ని వారాలు దగ్గు, గళ్ల పెరిగినట్టు అనిపించవచ్చు. గొట్టాల లోపలి సన్నని నూగు మళ్లీ పనిచేస్తూ చెత్తను పైకి నెట్టడం వల్ల అలా జరుగుతుంది, దానికి భయపడి మళ్లీ వెలిగించకూడదు. సిగరెట్ ప్యాకెట్ మీదే అచ్చేసి ఉండే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు. ఇల్లు కూడా తన వంతు పొగ మానాలి. శుక్రవారం సాంబ్రాణి, రాత్రి దోమల కాయిల్, ఎండుమిర్చి పోపు ఘాటు, భోగి మంట అతనికి దూరంగా ఉండాలి.

2021 కోవిడ్ తర్వాత చాలా ఇళ్లలో, గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సన్‌ట్రేటర్లు మిగిలాయి. ఆయాసం వచ్చినప్పుడల్లా దాన్ని పెట్టి తిప్పడం మంచిది కాదు. విశ్రాంతిలో కూడా ఆక్సిజన్ 88 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకు డాక్టరు రాసిస్తే, రోజుకు కనీసం 15 గంటలు వాడితేనే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981ల్లో వచ్చిన రెండు ప్రయోగాలు తేల్చాయి. ముదిరిన సీఓపీడీలో అంకెను 98కి తేవాలని ప్రవాహం పెంచితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మనిషి మత్తులోకి జారవచ్చు, అలాంటివారికి సాధారణంగా 88 నుంచి 92 మధ్య సరిపోతుంది. యంత్రం నడుస్తున్న గదిలో బీడీ, అగరువత్తి, దీపం ఏవీ వెలగకూడదు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒక వానాకాలంలో జలుబు ఛాతీకి దిగుతుంది. గళ్ల రంగు మారి, ఆయాసం పెరిగి ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం మీద 'విశ్రాంతి' అని ఉంటుంది, ఇంట్లోవాళ్లు దాన్ని నెలల తరబడి పాటిస్తారు. అమెరికాలో ఇలా ఆసుపత్రి నుంచి వచ్చిన దాదాపు 1.97 లక్షల మంది వృద్ధుల రికార్డులను పరిశీలించి 2020లో ఒక అధ్యయనం వచ్చింది. 90 రోజుల్లోపు రిహాబ్ మొదలుపెట్టినవాళ్లలో ఏడాదిలో మరణాలు చాలా తక్కువ. ఆరోగ్యం కాస్త మెరుగ్గా ఉన్నవాళ్లే రిహాబ్‌కు వెళ్లి ఉండొచ్చు కాబట్టి ఆ తేడా అంతా వ్యాయామం వల్లే అనలేం. కానీ అలా మొదలుపెట్టినవాళ్లు వందకు ఇద్దరు కూడా లేరు, అంత డబ్బున్న దేశంలో.

మెల్‌బోర్న్ ఫలితాల్లో ఒక చేదు భాగం కూడా ఉంది. ఏడాది తర్వాత చూస్తే ఇంటివాళ్లకూ, ఆసుపత్రివాళ్లకూ వచ్చిన లాభం చాలావరకు జారిపోయింది. కండరం ఎంత త్వరగా వస్తుందో అంత త్వరగా పోతుంది. అందుకే ఎనిమిదో వారం చివర, మొదటి రోజు చేసిన పరీక్షనే మళ్లీ చేసి క్యాలెండర్ మీది పాత అంకె పక్కన రాయాలి. ఆరు నిమిషాల నడక 30 మీటర్లు పెరిగినా, కుర్చీలోంచి లేవడం మూడు సార్లు పెరిగినా అది నిజమైన మెరుగుదల. ఆ తర్వాత మూడు నెలలకోసారి అదే కొలత. అంకె తగ్గడం మొదలైతే, లేదా మధ్యలో ఆసుపత్రి పాలైతే, డాక్టరుకు చూపించి మళ్లీ ఐదు నిమిషాల నడక నుంచి మొదలుపెట్టాలి, ఆ అరుగు మీదే.